మూడో నంబరు కెటిల్

ఆ పొద్దున ఆకాశం కురవనూ లేదు, తెరిపీ ఇవ్వలేదు. మూడు రోజుల ముసురు నాలుగో రోజూ అట్లాగే వేలాడుతోంది. గోడలు చెమ్మగిల్లాయి. పరీక్ష గదిలో ఏది ముట్టుకున్నా చల్లగా, జిగటగా తగులుతోంది.

కెటిళ్ళ ఫ్యాక్టరీలో ఆ గది ఒక మూలకి ఉంటుంది. కీళ్ళవాతం ఉన్నవాళ్ళ కోసం చేసే కెటిళ్ళని అక్కడ పరీక్షిస్తారు. రోగుల చేతికే సలసల కాగే నీళ్ళిచ్చి పొయ్యమంటే ప్రమాదం కనక, చేతులు బాగున్న మనిషికి బిరుసు తొడుగులు తొడుగుతారు. వాటిలో రేకు ముక్కలుంటాయి. వేళ్ళు సగమే వంగుతాయి. బొటనవేలికి పట్టు దొరకదు. పని అయ్యాక వాటిని బీరువాలో పెట్టి తాళం వేస్తారు. చేతులకి ఏ చిన్న జబ్బున్నా ఆ బల్ల దగ్గర నిలబడనివ్వరు.

పన్నెండేళ్ళుగా ఆ పని అక్కది. చిన్నాపెద్దా అంతా ఆమెని అక్క అనే పిలుస్తారు, గుమాస్తా పెద్దాయన తప్ప. ఆయన గోడకి ఇవతల కూర్చుని ఆమె చెప్పింది రాసుకుంటాడు. కెటిల్ తయారుచేసిన డిజైనరు లోపలికి పోకూడదు. పోతే ఎలా పట్టుకోవాలో నేర్పేస్తాడు. పరదా వేసిన కిటికీలోంచి మాటలు మాత్రం పోతాయి.

ఆ రోజు మధ్యాహ్నంలోగా మూడింటిలో ఒకటి తేల్చాలి. కీళ్ళ ఆసుపత్రి వాళ్ళు వెయ్యి అడిగారు. పోయినేడు కూడా అడిగారు. అప్పుడు అక్క సరేనన్న కెటిల్ ఒక ముసలావిడ చేతిలోంచి జారింది. పాదమంతా బొబ్బలెక్కి ఆవిడ మూడు నెలలు మంచం దిగలేదు. అక్కని ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే ఆమెని తినేస్తోంది.

పెద్దాయన ఫారం తీసి, 'తొడుగులు' అన్న గడిలో ఎప్పటిలాగే టిక్కు పెట్టాడు. గడియారం వంక చూసి, కానియ్యమ్మా అన్నాడు.

మొదటిది పది నిమిషాల్లో పోయింది. మూత గట్టిగా పీకితేగాని రాదు. లోపల్నించి 'వద్దు' అని వినిపించింది, అంతే.

రెండోది డిజైనరు ఎనిమిది నెలల కష్టం. సన్నటి పిడి, కొంగ మెడలాంటి కొమ్ము, చూడముచ్చటగా ఉంటుంది. అది నెగ్గితే అతని ఉద్యోగం ఖాయమవుతుంది. కిటికీ దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

లోపల నీళ్ళు మరిగిన చప్పుడు. కప్పు గలగలమంది. పళ్ళ సందుల్లోంచి గాలి పీల్చుకున్న చప్పుడు. కెటిల్ ధబ్బున బల్ల మీద పడింది.

"సగం కప్పులో, సగం బల్ల మీద. రాసుకో బాబాయ్."

డిజైనరు నవ్వాడు. "మరీ అంత నటించాలా అక్కా? సినిమాల్లో ఉండాల్సినదానివి."

ఆమె కెటిల్ నింపుకుంది. మళ్ళీ పోసింది. నీళ్ళు తగ్గించి మూడోసారీ పోసింది. పిడికీ కెటిల్ ఒంటికీ మధ్య సందు చాలదంది. కణుపులు పోయి ఒంటికి తగులుతున్నాయంది. వంచేకొద్దీ మణికట్టు మెలిపడుతోందంది.

డిజైనరుకి మండింది. "ఇలాంటి పిడినే పోయినేడు బాగుందన్నావు. అప్పుడూ ఇవే తొడుగులు కదా?"

"పోయినేడు నాకు తెలీలేదు."

"అయితే తొడుగులు తీసేసి ఒక్కసారి పోసి చూడు. తప్పు కెటిల్‌ది కాదు, తొడుగులది."

లోపల కుళాయి కట్టేసిన చప్పుడు వచ్చింది.

"తొడుగులు తీస్తే నొప్పి పోయేవాళ్ళ కోసమా బాబూ, మనం చేస్తున్నది?"

పెద్దాయన కలం ఆగింది. మళ్ళీ కదిలింది.

మూడోది మిగిలింది. లెక్కకి మూడు ఉండాలి కదా అని డిజైనరు వారంలో చేసి పడేసింది. ఉయ్యాలలాంటి స్టాండులో పొట్టిగా, వెడల్పుగా కూర్చుని ఉంటుంది. ఎత్తక్కర్లేదు. వెనకున్న మీటని అరచేత్తో నొక్కితే ముందుకి వంగుతుంది, వదిలితే దానంతటదే వెనక్కొస్తుంది. మూత జోలికి పోకుండా కొమ్ములోంచే నీళ్ళు పట్టొచ్చు. ఫ్యాక్టరీలో దాన్ని కోడిపెట్ట అని వెక్కిరిస్తారు. డిజైనరు కూడా నవ్వేవాడు.

లోపల్నించి సన్నటి ధార చప్పుడు వచ్చింది. తెగలేదు, తడబడలేదు. రెండో కప్పు. మూడో కప్పు. తర్వాత ఏమీ వినిపించలేదు.

పెద్దాయన కుర్చీలోంచి సగం లేచాడు. "అమ్మాయ్?"

"ఒక్క చుక్క కింద పడలేదు బాబాయ్. ఇదే రాయి."

ఆయన రాశాడు. ఫారంలో మూడు కప్పులకే గడులున్నాయి. లోపల మళ్ళీ ధార వినిపించింది. అక్క నాలుగో కప్పు పోసుకుంటోంది.

మధ్యాహ్నం ముగ్గురూ ఒకే బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నారు. డిజైనరు మొహం ముడుచుకుని ఉంది. అక్క చేతులు శాలువాలో ఉన్నాయి. పెద్దాయన తన డబ్బా పక్కన పెట్టి, ఆమె డబ్బా దగ్గరికి లాక్కుని, బిగుసుకున్న మూత తిప్పి తీశాడు. చెంచా కూడా అందులో పెట్టి ఆమె ముందుకి జరిపాడు. బయట ముసురు అట్లాగే ఉంది. ముగ్గురూ తిన్నారు.

తొడుగుల బీరువాకి ఉన్నది ఒకటే తాళంచెవి, దాన్ని పెద్దాయన తన జేబులోంచి బయటికి తియ్యక నాలుగు నెలలైంది.