చల్లగాలి మిషను

"ఒక్క కిటికీ కూడా తెరిచి ఉండకూడదు అయ్యగారూ. కాస్త సందు దొరికితే చాలు, చల్లగాలంతా బయటికి పోద్ది," అన్నాడు యాకూబు.

తలుపు చాటున నిలబడి వింటున్న అనసూయ గుండె గుభేలుమంది.

గురజాలలో చెన్నకేశవరావుది ఘోషా ఇల్లు. ఆ ఇంటి ఆడవాళ్ళు పరాయి మగవాడి కంట పడకూడదు. కాపరానికి వచ్చాక అనసూయ చూసిన లోకమంతా తన గది కిటికీలోంచి చూసిందే. స్టేషను రోడ్డు, మిరపకాయల బండ్లు, మాచర్ల రైలు దిగి పిల్లల్ని చంకనేసుకుని గలగలా మాట్లాడుకుంటూ పోయే ఆడవాళ్ళు. ఆ కాస్తా ఉండబట్టే ఆ పిల్లకు పిచ్చెక్కలేదు.

మొగుడు చెన్నకేశవరావు సరిగ్గా దానికే ఎసరు పెట్టాడు. దొరలు దేశం విడిచిపోతూ మద్రాసులో అమ్ముకున్న బంగళా సామాన్లలో ఈ పాత మిషనును చూసి మనసు పారేసుకున్నాడాయన. నాపరాళ్ళ ఇల్లు ఎండాకాలం పెనంలా కాలిపోతోంది, తాలూకాలో ఎవరికీ లేని సుఖం మనకుంటుంది అన్నాడు. కరెంటుకు పక్కనే సొంత మిల్లు ఇంజను ఉండనే ఉంది. మిషను వెనక వసారాలో పెట్టి, అక్కణ్ణుంచి గదిగదికీ రేకు గొట్టాలూ వైర్లూ లాగాలట. అందుకని నరసరావుపేట నుంచి మెకానిక్కు యాకూబును పిలిపించాడు.

యాకూబు అటు వెళ్ళగానే అనసూయ మొగుణ్ణి కాళ్ళావేళ్ళా పడి బతిమాలింది. నా గదికి ఆ గాలి వద్దు, ఉడికి చస్తే చస్తాను, కిటికీ మాత్రం ఉంచండి అంది. ఒక్క గది తెరిచినా ఇల్లంతా దండగేనన్నాడాయన. దిక్కుతోచక అత్తగారు పార్వతమ్మ వైపు చూసింది.

"కిటికీ ఎందుకే నీకు? పోయే బండ్లూ వచ్చే బండ్లూ లెక్కపెట్టనా? మూస్తే మూశారులే," అంది పార్వతమ్మ వక్క కొరుక్కుంటూ. ఘోషా సంగతిలో ఆవిడ కొడుకు కన్నా నాలుగాకులు ఎక్కువే చదివింది.

పని మొదలైంది. పనివాళ్ళు అన్ని గదుల్లోనూ తిరుగుతుంటే ఘోషా ఆడవాళ్ళు అదే కప్పు కింద ఉండటం కుదరదు కదా. పొద్దున్నే పెరటి గుమ్మానికి పరదాలు కట్టిన గూడుబండి వచ్చేది. అత్తాకోడళ్ళను ఊరి బయట నిమ్మతోటలో దించి, కాపలావాణ్ణి కూడా అవతలికి పంపేసేవారు. మొదటిరోజు అనసూయ ఏడుస్తూనే బండెక్కింది. సాయంత్రం వచ్చి చూసుకుంటే తన కిటికీకి చెక్కలు కొట్టేసి ఉన్నాయి. చీకటి గదిలో ఆ చెక్కల మీద చెయ్యి పెట్టి నిలబడితే ఆ పిల్లకు ఊపిరాడలేదు. సమాధిలో పెట్టి రాయి మూసినట్టనిపించింది.

కానీ మర్నాడు తోటలో చెప్పులు విప్పి నడిచింది. నెత్తిన ఆకాశం, ఎటు చూసినా గోడ లేదు. వడగాలి మొహాన కొడుతుంటే కూడా హాయిగా ఉంది. ఉత్తినే గట్టిగా ఒక కేక పెట్టి, తన గొంతు అంత పెద్దదా అని తనే నవ్వుకుంది. పార్వతమ్మ చెట్టు కింద చాప మీద కూర్చుని, అల్లరి మానమని కసిరింది. పని సాగినన్నాళ్ళూ అనసూయకు పండగే.

ఒకరోజు యాకూబు, అంతా అయిపోయింది, రేపు పొద్దున మిషను తిప్పుతానన్నాడు. ఒక్క వైరు ఊడినా అది కదలదు, దగ్గరికి ఎవరినీ పోనివ్వకండి అని కూడా చెప్పి వెళ్ళాడు. పాపం, ఆ ముక్క చెప్పకుండా ఉండాల్సింది. దీపాలు పెట్టే వేళ అనసూయ వెనక వసారాలోకి పోయి, ఒక వైరు ఊడలాగింది.

పొద్దున ఇంజను దడదడమంది గాని మిషను కిమ్మనలేదు. లోపం ఎక్కడుందో చూడాలంటే గదులన్నీ మళ్ళీ తిరగాలన్నాడు యాకూబు. మళ్ళీ బండి కట్టారు, మళ్ళీ తోట. సాయంత్రానికి వైరు దొరికింది. బిగించి, అయ్యగారూ, రేపు ఖాయమన్నాడు.

చెన్నకేశవరావు మండిపడ్డాడు. "రేపు గనక తిరక్కపోతే ఈ తాలూకాలో నీకు పని పుట్టదు యాకూబూ. మర్యాదగా చెబుతున్నా."

యాకూబు చేతులు జోడించాడు. పిల్లలు గలవాణ్ణి అయ్యగారూ అన్నాడు. గోడ వెనక అనసూయ సిగ్గుతో చచ్చిపోయింది. నా గాలి కోసం ఇంకొకడి కూడు తీయనా అనుకుంది. ఆ సాయంత్రం ఎంత మనసు లాగినా వసారా ఛాయలకే పోలేదు. చెక్కలు కొట్టిన గదిలోనే ఇక బతుకు అనుకుని, కడుపారా ఏడ్చి పడుకుంది.

తెల్లారింది. ఇంజను దడదడమంది. అనసూయ కళ్ళు మూసుకుంది. యాకూబు స్విచ్చి వేశాడు. మిషను ఉలకలేదు, పలకలేదు.

చెన్నకేశవరావు నోరు తెరవబోయేంతలో పార్వతమ్మ పరదా వెనక నుంచి కొడుకును పిలిచింది. యాకూబును పొమ్మంటే ఈ గొట్టాల గొడవ ఇంకెవడికి అర్థమవుద్ది, నెల పట్టినా అతని చేతే చేయించమని గట్టిగా చెప్పింది. తల్లి మాటకు ఎదురు చెప్పే అలవాటు ఆయనకు లేదు. నసుగుతూనే సరేనన్నాడు. బండి కట్టమని ఆవిడే పనిమనిషితో కబురు పెట్టింది.

పరదాలు దించిన బండిలో అత్తగారి పక్కన కూర్చున్నాక అనసూయ ఇక ఆపుకోలేకపోయింది.

"ఒట్టు అత్తయ్యా, రాత్రి నేను దాని దగ్గరికి పోలేదు."

"తెలుసులేవే," అంది పార్వతమ్మ, బండి ఊరు దాటగానే పరదా పక్కకు తోసి మొహం బయటపెట్టి. "నువ్వు పోలేదనేగా నేను పోయింది."