పై అంతస్తు దబదబ

ఎనిమిదో అంతస్తులో మళ్లీ దబదబ మొదలైంది. ఏడో అంతస్తులో ఇమ్ గారు వయొలిన్‌కి పెద్దన్నలాంటి సెల్లో వాద్యం కమాను పక్కన పెట్టి, కాగితం అందుకున్నారు.

ఇమ్ గారి దృష్టిలో గత రెండు వందల ఏళ్లలో పుట్టింది సంగీతమే కాదు. నెలనెలా పళ్ల డాక్టరు, రాత్రి గ్లాసుడు పాలు, తొమ్మిదింటికల్లా నిద్ర, చేతికి దొరికిన సమయమంతా సెల్లో. ఇంత పద్ధతైన జీవితం మీద రోజూ పైనుంచి ఏడుగురు కుర్రాళ్ల పాప్ ఐడల్ బృందం పాట విరుచుకుపడుతోంది.

పైన బ్యోన్ గారిది వేరే లోకం. చదువు లేదు, ఉద్యోగం లేదు. జుట్టుకు రంగు, గోడ నిండా ఆ బృందం పోస్టర్లు, పాట పెడితే చిందులు.

దక్షిణ కొరియా బుసాన్‌లోని ఆ అపార్ట్‌మెంటులో ఇద్దరూ ఏనాడూ ఎదురుపడలేదు. ముఖాలు చూసుకోకుండానే తిట్టుకునే సౌకర్యం లిఫ్టు పక్కన నోటీసు బోర్డు కల్పిస్తుంటే, ఇక ఆ అవసరమేముంది?

ఇమ్ గారు అంటించారు: "మీ వయసువాళ్లు వినాల్సిన పాటలేనా ఇవి? మీ ఇంట్లో పెద్దవాళ్లు ఏమీ అనరా?"

సాయంత్రానికి జవాబు: "మా ఇంట్లో పెద్దవాళ్లెవరూ ఏమీ అనరు. మీ వాయిద్యం వింటే ఎవరో పోయినట్టుంటుంది. పెందలాడే పడుకోండి, మీ వయసుకి మంచిది."

వాచ్‌మన్ ప్యో ఎండు స్క్విడ్ చేప నములుతూ రెండూ చదివాడు. ఇవి ఉండగా అతనికి టీవీతో పనిలేదు. అయినా ధర్మం కొద్దీ ఇంటర్‌కమ్‌లో ఇమ్ గారిని అడిగాడు.

"ఒకసారి కలిసి మాట్లాడుకుంటే పోలా?"

"అలాంటివాళ్లతో నాకు మాటలేంటి?"

పై ఇంటికి చేస్తే అక్షరం పొల్లుపోకుండా అదే జవాబు. ఆ ఒక్క విషయంలో ఇద్దరికీ శ్రుతి కలిసింది.

మార్చిలో ఒకరోజు దబదబ ఆగిపోయింది. మొదటి రోజు ఇమ్ గారు పండగ చేసుకున్నారు. నాలుగో రోజుకి సెల్లో మీద చెయ్యి సాగలేదు. ఐదో రోజు ప్యో దగ్గరికి దిగారు.

"పైన ఇల్లు ఖాళీ చేశారా?"

"లేదు. చిందేస్తూ జారిపడి ఆసుపత్రి పాలయ్యారు. ఈ శనివారమే ఆ బృందం కచేరీ. టికెట్ కోసం ఏడాదిగా కాచుక్కూర్చున్నారు పాపం. శుక్రవారం ఇంటికొస్తారు, కానీ ఎక్కువ నడవకూడదట."

"గెంతితే పడరా మరి?" అన్నారు ఇమ్ గారు. లిఫ్టు ఎక్కే ముందు మాత్రం బోర్డు మీది తన చీటీ పీకేశారు.

శనివారం కచేరీ వేళకి ఇమ్ గారు కిటికీ బార్లా తెరిచి, సెల్లో మీద ఆ దిక్కుమాలిన పాటే అందుకున్నారు. కొత్తగా నేర్చుకోవాల్సిన పనిలేదు. ఏడాదిగా పైకప్పే నేర్పింది. వాయిస్తుంటే పాట బాగుందని కూడా తెలిసింది. ఆ అవమానాన్నీ దిగమింగుకున్నారు. పల్లవి రెండోసారి వచ్చేసరికి పైనుంచి, మెల్లగా, తాళం తప్పకుండా, టక్ టక్ మని వినిపించింది.

మర్నాడు ప్యో చీటీ తెచ్చిచ్చాడు.

"చరణంలో తప్పు వాయించారు. వచ్చి దిద్దుకోండి. మీ ఏడుపు పాట కూడా వాయించాలి. అది లేక ఆసుపత్రిలో నాకు నిద్ర పట్టలేదు."

నాలుగింటికి ఇమ్ గారు పై అంతస్తుకెళ్లి బెల్లు నొక్కారు.

చేతికర్ర ఊతంగా తలుపు తీసిన ఎనభై రెండేళ్ల బ్యోన్ బామ్మ, సెల్లో పెట్టె మోయలేక ఆయాసపడుతున్న పన్నెండేళ్ల ఇమ్ పాపను ఎగాదిగా చూసి, "మీ తాతయ్య రాలేదామ్మా?" అని అడిగింది.