నలభై ఎర్ర కుర్చీలు

"ఈ నలభై కుర్చీలకు బ్లాక్ వద్దు ఏలియా. రాండమ్ పొయ్యి. సగానికి సగం సుద్ద కలుపు" అన్నాడు చిదంబరం.

నాచారంలో ప్లాస్టిక్ కుర్చీలు పోసే ఆ చిన్న కంపెనీకి చిదంబరం ఓనరు. ఏలియా అక్కడ మిషన్ ఆపరేటరు. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఓనరు మాట వినగానే ఏలియాకు ఒళ్లు మండింది.

బ్లాక్, రాండమ్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. రెండూ ఒకే కులం ప్లాస్టిక్. రెండింట్లోనూ ప్రొపిలీన్ గొలుసులో ఇథిలీన్ ఉంటుంది. తేడా అంతా అదెక్కడ కూచుందన్న దాంట్లోనే. ల్యాబులో పనిచేసే మానస ఈ సంగతి ఏలియాకు ఉప్పల్ బస్సు లెక్కన చెప్పింది. ఈ ఇథిలీన్ చుట్టాలంతా బస్సులో తలా ఒక మూల కూచుంటే రాండమ్. చూడ్డానికి నిగనిగలాడుతుంది గానీ, ఒకడికి దెబ్బ పడితే రెండోవాడికి పట్టదు. అదే అందరూ వెనక సీట్లో గుంపుగా కూచుంటే బ్లాక్. దెబ్బ ఎవరి మీద పడ్డా గుంపంతా కలిసి మింగేస్తుంది. కుర్చీ వంగుతుంది, వంగిన చోట తెల్లగీత పడుతుంది, అంతే. విరగదు.

ఇక రాండమ్‌లో సగం సుద్ద కలిపారంటే, ఆ కుర్చీ ఎక్కడానికి పిల్లి కూడా ఒకసారి ఆలోచించుకోవాలి.

ఏలియా మంటకు ఇంకో కారణం ఉంది. పోయిన క్రిస్మస్ ముందు చర్చిలో, జీవితానికి పునాది గట్టిగా ఉండాలని పాస్టరు గారు చెప్తుండగానే, ఏలియా భార్య సువార్తమ్మ కూచున్న కుర్చీ నాలుగు ముక్కలైంది. ఆమె తుంటి విరిగింది. ముక్కలు తిరగేసి చూస్తే వెనక ఈ కంపెనీ ముద్రే. ఏలియా చేతుల మీదుగా వచ్చిన సరుకే. సువార్తమ్మ ఇప్పటికీ మంచం మీద తప్ప ఇంక దేని మీదా కూచోదు. ఆ సిగ్గు ఏలియాను లోపల్లోపల తినేస్తోంది. తను పోసిన కుర్చీ వల్ల ఇంకో మనిషి నడుం విరిగితే బతికి దండగ అనుకున్నాడు.

ఇవి ఎవరికని ఓనరును అడిగాడు.

"నీకెందుకు? బయట ఎవ్వనికీ చెప్పొద్దు. మళ్ల నీ ఇష్టమొచ్చినట్టు బ్లాక్ కలిపినవో, రేపటి సంది గేటు బయటనే ఉంటవ్."

చెప్పొద్దన్నాడంటేనే దొంగ యవ్వారమని ఏలియాకు అర్థమైపోయింది.

కాసేపటికి ఆర్డరు తాలూకు మనిషి వచ్చాడు. పేరు సన్నీ. ముప్పై అయిదేళ్లుంటాయి. మెడకు పట్టీ, మోచేతికి కుట్లు. పాపం, బండి మీద నుంచి పడ్డట్టున్నాడనుకున్నాడు ఏలియా. ఓనరు చెప్పిన మాలుతో పోసిన నమూనా కుర్చీ చూపిస్తే సన్నీ దాంట్లో కూచోనే లేదు. ఎత్తి బరువు చూశాడు. కాళ్లు తట్టి చూశాడు. భేషుగ్గా ఉందన్నాడు. కూచోకుండా కుర్చీలు కొనే అమాయకుణ్ణి ఓనరు నిలువునా ముంచుతున్నాడని ఏలియాకు జాలేసింది.

పోతూ పోతూ సన్నీ ఆగాడు.

"జర మంచిగ చెయ్ మామా. ఇంట్ల చిన్న పాప ఉంది. నా నడుం నీ చేతులనే పెడుతున్న."

అంతే. ఏలియా గుండె కరిగిపోయింది. నౌకరీ పోతే పోనీ అనుకున్నాడు.

ఓనరు భోజనానికి వెళ్లాడు. ఏలియా సుద్ద బస్తాలు పక్కకు నెట్టి, మేలు రకం బ్లాక్ గింజలు మిషన్లో పోశాడు. మొదటి కుర్చీ రాగానే గేటు స్తంభానికి వేసి పది దెబ్బలు కొట్టాడు. స్తంభం సున్నం రాలింది, కుర్చీకి ఒక తెల్లగీత పడింది. మిగతావన్నీ ఎర్రగా, ఒకే తీరుగా వచ్చాయి. ఓనరుకు అనుమానం రాలేదు. సాయంత్రం ట్రాలీకి ఎక్కిస్తూ, నమూనా కన్నా తేలిగ్గా ఉన్నాయని సన్నీ ఇంకా సంబరపడ్డాడు కూడా.

ఆ రోజు ఇంటికి పోయి ఏలియా సువార్తమ్మకు అంతా చెప్పాడు. ఆమె చాలా రోజులకు నవ్వింది.

మర్నాడు మధ్యాహ్నానికి ట్రాలీ వెనక్కి వచ్చింది. నలభై కుర్చీలూ ఉన్నాయి. చిదంబరం ఒకటి లాగి ఏలియా ముందు పడేశాడు. దాని వీపు మీద ఇంత పొడుగు తెల్లగీత.

"బ్లాక్ పోసినవ్ కదా?"

పోశానన్నాడు ఏలియా. తల దించుకోలేదు.

"సన్నీ దవాఖానల పడ్డడు. రెండు పక్కబొక్కలు ఇరిగినయ్."

ఏలియా కుర్చీని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎక్కడా చిన్న పగులు కూడా లేదు.

"కుర్చీ ఇరగలేదు కద సార్. మరి ఆయనెట్ల కింద పడ్డడు?"

చిదంబరం తల పట్టుకుని ఆ కుర్చీలోనే కూలబడ్డాడు.

"అవి కూసునే కుర్చీలు కావు ఏలియా, సిన్మా ఫైటింగుల హీరో ఒక్క దెబ్బకు సన్నీ వీపు మీద పలగ్గొట్టే కుర్చీలు."