ఫియట్‌కి కాపలా

“గేటు తియ్యండి బాబూ, ఒక్క నిమిషం.”

గురునాథరావు గేటు తియ్యలేదు. ఊచల్లోంచి చూశాడు.

అవతల నేత చీర కట్టుకున్న పెద్దావిడ. చేతిలో గుడ్డ సంచి. దింపిన ఆటో అప్పుడే తిరిగి వెళ్లిపోతోంది.

“ఏటి కావాలమ్మా?”

“ఆ కారు గురించి వచ్చేను. మావాళ్లు చెప్తే తెలిసింది.”

తెలియనిదెవరికి? భిలాయి అంతటికీ తెలిసింది! గురునాథరావుకి ఒళ్లు మండింది.

నెహ్రూ నగర్‌లో ఆయన ఇంటి షెడ్డులో ఉన్నది యాభై ఏళ్లు దాటిన ఫియట్. స్టీల్ ప్లాంటులో రిటైరైనప్పుడు వచ్చిన డబ్బంతా దానికే పోశాడు. ఇప్పుడది పెళ్లికొడుకులా మెరుస్తోంది. రాయపూర్ నుంచి కూడా మనుషులొచ్చి లక్షల్లో బేరమాడి వెళ్తున్నారు.

ఇన్సూరెన్సు లెక్కలో మాత్రం అది పాత ఇనుము. రేపు ఏ డంపరు లారీయో గుద్దితే చేతికొచ్చేది టైర్ల ఖరీదు. అసలు విలువకి కూడా పాలసీ ఇస్తారు. కాకపోతే బండి ఆయన పేరున ఉండాలి.

లేదు. అదీ చిక్కు.

ఎన్నో ఏళ్ల క్రితం ధర్మారావు దగ్గర కొన్నాడు. ఒకే షిఫ్టులో పనిచేసే ఇద్దరు తెలుగువాళ్ల మధ్య కాగితాలేమిటి, బాగుండదు అనుకున్నారు. టీ తాగారు, తాళంచెవి చేతులు మారింది. పేరు మార్పిడి తర్వాత చూద్దామన్నారు. ఆ ‘తర్వాత’ రాకుండానే ధర్మారావు పోయాడు. పిల్లలు లేరు. ఎప్పుడో ఒకటి రెండుసార్లు చూసిన ఆయన భార్య కూడా పోయిందని జాముల్‌లో ఎవరో చెప్పారు. సంతకం పెట్టే వారసుల కోసం కనబడ్డ తెలుగువాళ్లందరినీ అడిగాడు. ఫలితం లేదు.

షెడ్డులో కారు, దానికి కాపలా ఆయన. ఇద్దరూ గేటు దాటి నెలలైంది. విజయనగరంలో సొంత చెల్లెలి గృహప్రవేశానికి కూడా వెళ్లలేదు. భార్య భాగ్యరేఖ ఒక్కతే వెళ్లింది. “ఆ కారునే కట్టుకోవలసింది” అని వెళ్తూ వెళ్తూ ఒక మాట అంది. ఆయనకీ ఊపిరాడటం లేదు. వదిలెయ్యడానికి మనసూ రావడం లేదు.

“బండి అమ్మటం లేదు తల్లీ.”

“కొనడానికి రాలేదు బాబూ.”

“మరేటి, ఫోటోలా? అవీ తియ్యనివ్వను.”

“నాకెందుకు ఫోటోలు? ఒక్కసారి ముందు సీట్లో కూచుని దిగిపోతాను.”

“కూచుంటారా! కొత్త సీటు కవర్లమ్మా అవి. దాని అసలు విలువేటో మీకు తెలుసా?”

“కొంత తెలుసు బాబూ,” అని నవ్విందావిడ.

ఆ నవ్వుతో ఆయన అనుమానం ఇంకా పెరిగింది. బ్రోకర్లు ఇప్పుడు ముసలివాళ్లని కూడా పంపుతున్నారన్నమాట.

“నేనెవరినంటే...”

“ఎవరైనా సరే. బండి సంగతి ఏటున్నా సుపేలాలో ఇన్సూరెన్సు వెంకట్ ఉన్నాడు, అతన్ని అడగండి. ఇక్కడ ఎండగా ఉంది, వెళ్లండి.”

ఆవిడ ఊచలు పట్టుకుని కాసేపు కారు వైపు చూసింది. తర్వాత సంచి భుజానికి తగిలించుకుని మెయిన్ రోడ్డు వైపు నడిచింది.

గురునాథరావు గేటు తాళం ఇంకోసారి లాగి చూసుకున్నాడు.

సాయంత్రం వెంకట్ స్కూటీ మీద వచ్చాడు. వస్తూనే గేటు బయటినుంచి అరిచాడు.

“బధాయీ హో అంకుల్! వారసుల సంతకం దొరికేసింది. మిగతాది నేను చూసుకుంటాను. అసలు విలువకి పాలసీ పక్కా!”

గురునాథరావు కళ్లు తుడుచుకుని తాళం తీశాడు. గేటు రెండు రెక్కలూ బార్లా తెరిచాడు. వెంకట్ చెయ్యి పట్టుకుని షెడ్డులోకి లాక్కెళ్లాడు.

“ఎక్కు, ముందు సీట్లో కూచో. అలా సివిక్ సెంటర్ దాకా తిరిగొద్దాం.”

“అరే, కొత్త కవర్లు కదా అంకుల్!”

“మాసిపోతే మాసిపోనీ. ఎంత అడిగేరు సంతకానికి?”

“ఏక్ పైసా నహీ.”

“ఎవరయ్యా ఆ దేవుడు? ఎక్కడున్నారో చెప్పు, ఇప్పుడే ఇదే బండి మీద వెళ్లి కాళ్లకి దణ్ణం పెడతాను.”

వెంకట్ వింతగా చూశాడు.

“ధర్మారావుగారి మిసెస్ అంకుల్, మీరే కదా పొద్దున్న నా దగ్గరికి పంపేరు, ‘నాకే గేటు తియ్యని మనిషి మా ఆయన బండిని బాగానే చూసుకుంటాడు’ అంటూ సంతకం పెట్టేసి మధ్యాహ్నం ట్రైనుకి వెళ్లిపోయేరు.”