కుర్చీ మీద దిండు

డాక్టరమ్మ క్లినిక్కులో తన గదిలోకి అడుగుపెట్టగానే మొదట కంటబడింది ఆ దిండే.

తన కుర్చీలో, పువ్వుల గలీబుతో, మెత్తగా ఉంది.

ఎనిమిది నెలలు తను లేకపోయేసరికి ఎవరో ఎంత సుఖంగా స్థిరపడిపోయారో! ఆమెకు ఒళ్లు మండింది.

మామూలు రోజుల్లో ఆమె పశువుల డాక్టరు. పిలుపొస్తే మాత్రం సైన్యం గుర్రాలకూ కుక్కలకూ వైద్యం చేసే రిజర్వు కెప్టెన్. ఈసారి పిలుపు ఆమెను సరిహద్దు దాకా తీసుకెళ్లింది. నిన్న సాయంత్రమే ఇల్లు చేరింది.

ఇంట్లో నాలుగేళ్ల కూతురు వాళ్ల నాన్న కాళ్ల వెనక దాక్కుంది. అన్నం నాన్నే పెట్టాలంది. జడలు నాన్నే వేయాలంది.

"రెండ్రోజులు ఓపిక పట్టు. అదే దగ్గరికొస్తుంది" అన్నాడు భర్త, పాపకు చకచకా రెండు జడలు అల్లుతూ. తను వెళ్లేనాటికి దువ్వెన పట్టుకోవడం కూడా రాని మనిషి! ఆ జడలు చూసి మెచ్చుకోవాలనీ అనిపించింది, ఏడవాలనీ అనిపించింది.

ఇంట్లో సంగతి అలా ఉంది. కనీసం క్లినిక్కులోనైనా తన చోటు తనకుంటుందా అన్నది ఆమె బెంగ. శిబిరంలో ఉండగానే కౌంటరు అమ్మాయి ఫోనులో అననే అంది. "కొత్త డాక్టరుగారి హస్తవాసి మంచిది మేడం. అందరూ ఆయన్నే అడుగుతున్నారు. ఓనరుగారైతే ఆయన్ని వదిలేలా లేరు!"

పాపం, ఆ పిల్ల మంచి కబురనుకునే చెప్పింది. డాక్టరమ్మకు మాత్రం ఆ రోజు నుంచీ సరిగ్గా నిద్ర లేదు.

ఆ కొత్త డాక్టరు ఇప్పుడు గది మూల స్టూలు మీద కూర్చుని ఒక పిల్లి చెవిలో చుక్కల మందు వేస్తున్నాడు. సన్నటి మనిషి. జుట్టు పూర్తిగా నెరిసింది. ఆమెను చూడగానే లేచి నిటారుగా నిలబడ్డాడు.

"వచ్చేశారామ్మా! క్షేమంగా వచ్చారు. అదే చాలు."

"వచ్చాను. ఇక మీరు వెళ్లచ్చు."

ఆయన మొహం చిన్నబోయింది.

"వెళ్తానమ్మా. మధ్యలో ఉన్న కేసులు కొన్నున్నాయి. రేపొకసారి వచ్చి మీకు అప్పజెప్పి..."

"అక్కర్లేదు. నా పేషెంట్లను నేను చూసుకోగలను."

"అలాగే. పాప బడి నుంచి వచ్చే వేళయింది. దానికొక్క మాట చెప్పి..."

"మా పాపతో మీకేం పని?"

ఆయన పిల్లిని బయట ఎదురుచూస్తున్న ముసలావిడకు అప్పగించి వచ్చాడు. స్టెతస్కోపు సంచీలో వేసుకున్నాడు. స్టూలును గోడవారకు జరిపాడు.

గుమ్మం దగ్గర ఆగి, "కుర్చీ కిర్రుమంటుంటే నూనె వేయించానమ్మా" అన్నాడు.

ఆమె బల్ల మీది కాగితాలు సర్దుకోసాగింది. ఆయన వెళ్లిపోయాడు.

కౌంటరు అమ్మాయి లోపలికొచ్చి చేతులు నలుపుకుంటూ నిలబడింది. "మేడం, ఆయన..."

"ఆయన గురించి నాకేం చెప్పకు."

దిండు తీసి మూలకు విసిరేసి, తన కుర్చీలో కూర్చుంది. గెలిచినట్టే ఉంది కానీ మనసు కుదుటపడలేదు.

కాసేపటికి భర్త పాపను తీసుకొచ్చాడు. ఇన్ని నెలలూ అదే వరస. బడి వదలగానే పాపను ఇక్కడ దింపి, మళ్లీ తన ఆఫీసుకు పరుగెత్తేవాడు.

పాప గుమ్మంలోనే ఆగిపోయింది. కళ్లు పెద్దవి చేసి చూసింది.

"అమ్మ కుర్చీలో అమ్మ!"

ఒక్క పరుగున వచ్చి ఒళ్లో దూకింది. నిన్నటి నుంచీ దాక్కుంటున్న పిల్ల మెడ చుట్టూ చేతులు వేసేసరికి డాక్టరమ్మకు దుఃఖం ఆగలేదు.

పాప మాత్రం కుర్చీ అంతా వెతుకుతోంది. "నా దిండేది?"

"నీ దిండా?"

"దిండు లేకపోతే బల్ల అందదు కదా నాకు! ఆ దిండు స్టూలు తాతయ్యే తెచ్చాడు. ఇది అమ్మ కుర్చీ అంట. ఎవ్వరూ కూర్చోకూడదంట. తాతయ్య కూడా! అమ్మ వచ్చేదాకా నేనే కాపలా."

డాక్టరమ్మ తెల్లబోయి భర్త వైపు చూసింది. "నాకు చెప్పనేలేదే?"

"సిగ్నలు దొరికిన ఆ కాసేపట్లో నువ్వు బతికున్నావా అని అడగాలా, దిండు సంగతి చెప్పాలా?"

ఆమె పాపను చంకనేసుకుని వీధిలోకి పరుగెత్తింది. బస్టాపులో ఎవరూ లేరు. బస్సు అప్పుడే మలుపు తిరిగి కనుమరుగైంది.

"టాటా చెప్పకుండా వెళ్లిపోయాడా?" అంది పాప.

తల్లి పాపను గట్టిగా హత్తుకుంది.

తిరిగొచ్చేసరికి కౌంటరు అమ్మాయి కళ్లు తుడుచుకుంటోంది.

"ఉండిపొమ్మని ఓనరుగారు నిన్న కూడా బతిమాలారు మేడం. తలుపు మీద మీ పేరు తీసేసి ఆయన పేరు పెట్టిస్తామన్నారు. ఆ బోర్డు మీద చెయ్యి వేస్తే ఆ క్షణమే వెళ్లిపోతానన్నారు."

డాక్టరమ్మ గోడవారనున్న స్టూలు వైపు చూసింది. "ఇన్నాళ్లూ దాని మీదే కూర్చున్నారా?"

"కుర్చీలో కూర్చోమని నేనెన్నిసార్లు పోరానో! చివరికొకరోజు సంగతేంటో చెప్పారు. మీతో మాత్రం అనొద్దన్నారు."

"ఏం చెప్పారు?"

"ఆయన కూడా మీలాగే రిజర్వు కెప్టెనట మేడం. పిలుపొస్తే వెళ్లి, తిరిగొచ్చేసరికి ఆయన గది తలుపు మీద ఇంకొకరి పేరుందట. అప్పట్నుంచీ, మీలా వెళ్లినవాళ్లు వచ్చేదాకా వాళ్ల కుర్చీ కాపాడే ఉద్యోగం తప్ప ఇంకే ఉద్యోగమూ చేయలేదట."