రెండు గడులు

ఫారంలో గడులు రెండే. మొదటి గడి పక్కన పెద్ద నగరం పేరుంది. రెండో గడి పక్కన, అందులో నాలుగోవంతు ఉండే ఊరి పేరుంది. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి సోమవారం పదింటికల్లా ఇవ్వాలి.

పంపుల కంపెనీ ఇక్కడి ఆఫీసు ఎత్తేస్తోంది. నూట నలభై ఒక్క మందికీ ఫారాలిచ్చారు. టైపిస్టు తన ఫారాన్ని మంగళవారం ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద పెట్టాడు. ఆదివారం మధ్యాహ్నానికీ అది అక్కడే ఉంది.

భార్య దాన్ని తీసి భోజనాల బల్ల మీద పెట్టింది. పాత క్యాలెండరు కాగితం తిరగేసి మధ్యలో గీత గీసింది. ఎడమవైపు పెద్ద ఊరు, కుడివైపు చిన్న ఊరు.

"చెప్పండి. పెద్ద ఊళ్లో ఏముంది?"

"అన్నీ ఉంటాయి."

"'అన్నీ' అనే రాసుకోనా?"

ఎదురుగా బావమరిది కూర్చున్నాడు. అతన్నెవరూ అడగలేదు.

"నేను చెప్తా రాయక్కా. ఒకటి, పొగ. రెండు, హారన్లు. బావ ఆఫీసుకెళ్లి ఇంటికొచ్చేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఆదివారం ఆదివారం పిల్లకి పరిచయం చెయ్యాలి, ఈయన మీ నాన్న అని."

"పిల్ల బడి అక్కడే ఉందిరా."

పిల్లకు ఆరేళ్లు. ఎడమ చెవి వినపడదు. కుడిచెవి మిషను పెడితే వినపడుతుంది. అలాంటి పిల్లల బడి పెద్ద ఊళ్లో ఉంది. సీటు సోమవారం దాకా ఆపుతామన్నారు. చిన్న ఊళ్లో భార్య వాళ్ల పెద్దక్క ఉంది. ఆమె ఉండే వీధిలో రెండు కుట్టుమిషన్లు పట్టే గది దొరికింది. దాన్నీ సోమవారం దాకే ఆపుతామన్నారు. పదకొండేళ్లుగా ఇంటి ముందుగదిలో బట్టలు కుడుతున్న భార్యకు అది మొదటి దుకాణం.

"మీరొక్క మాట అనండి చాలు," అంది భార్య. "ఏదైనా సరే. తర్వాత తిట్టుకోవాల్సి వస్తే ఇద్దరం కలిసి తిట్టుకుందాం."

టైపిస్టు క్యాలెండరు కాగితాన్ని చూశాడు. గీత వంకరగా ఉంది. ఆ మాటే అన్నాడు.

"గీత సంగతి నేను చూసుకుంటాలెండి."

ఫోను మోగింది. స్టోర్స్ గుమాస్తా.

"తాళంకప్పా! ఏ గడిలో పెట్టావ్?"

ఆ పేరు పెట్టి పన్నెండేళ్లయింది. మేనేజరు గది కాగితాలన్నీ టైపిస్టు చేతి మీదుగానే వెళ్తాయి. ఇంతవరకూ ఒక్క ముక్క బయటికి పొక్కలేదు.

"ఇంకా పెట్టలేదు."

"నువ్వెక్కడ పెడితే నేనూ అక్కడే. మా ఆవిడకి కూడా చెప్పేశా. ఇద్దరం ఒకే చోట పడాలి గురూ."

"ఒకే చోట ఉంటాంలే," అన్నాడు టైపిస్టు. ఫోను పెట్టేశాడు.

"వాళ్లకి తాళంకప్ప అయితే సరే. ఇంట్లో కూడానా?" అంది భార్య.

"తాళంచెవి నీ దగ్గరుండాలి కదక్కా," అన్నాడు బావమరిది. తనే నవ్వాడు.

అంతలో వీధి తలుపు కొట్టారు. మొగుడూ పెళ్లాలు ఇద్దరు, చేతిలో టేపు. కర్టెన్లకు కిటికీలు కొలుచుకుంటామన్నారు. భార్య లోపలికి రమ్మంది. తనే స్టూలు తెచ్చి వేసింది.

"ఎవరు వీళ్లు?"

"మన తర్వాత వచ్చేవాళ్లు. ఓనరుకు చెప్పేశాగా, నెలాఖరుకి ఖాళీ చేస్తామని."

"అప్పుడే ఎందుకు చెప్పావ్?"

"మరెప్పుడు చెప్పాలి, సామాను లారీ ఎక్కించాకా? ఏ ఊరైనా ఇక్కడ్నుంచి కదలక తప్పదుగా."

అతను నోరు తెరిచాడు. వచ్చినావిడ, "ఈ మేకు ఉంచుతారా, తీసేస్తారా?" అని అడిగింది. "ఉంచుతాం," అన్నాడు.

వాళ్లు వెళ్లాక పిల్ల వచ్చి అతనికి ఎడమవైపున నిలబడింది. ఎప్పుడూ అటే నిలబడుతుంది. చేతిలో బడివాళ్లు పంపిన ఫోటో ఉంది. తరగతి గది, ఆరు బెంచీలు.

"నాన్నా, నాది ఏ బెంచీ?"

టైపిస్టు ఫోటో చూశాడు. భార్య అతని మొహం చూసింది.

"నీకేది కావాలి?"

"కిటికీ పక్కది."

అతను పెన్ను తీసి మొదటి గడిలో టిక్కు పెట్టాడు.

భార్య ఆ టిక్కుని కాసేపు చూసింది. చీర కొంగుతో మొహం తుడుచుకుంది. ఫోను తీసింది.

"ఎవరికి?"

"పెద్దక్కకి. గది వద్దని చెప్పేస్తా."

"రేపు చెప్పొచ్చులే."

"వద్దనుకున్నాక ఆపి ఉంచడమెందుకు? ఇంకెవరికైనా పనికొస్తుంది."

"రేపు చెప్పు," అన్నాడతను మళ్లీ.

"ఆ... అక్కా, నేనే," అంటూ ఆమె వంటింట్లోకి వెళ్లింది. రెండు నిమిషాల్లో తిరిగొచ్చింది. క్యాలెండరు కాగితాన్ని గీత వెంబడి మడిచి చింపింది. కుడివైపు ముక్కని ఉండ చేసి బుట్టలో పడేసింది. "హమ్మయ్య," అంది. "ఇవాళ నిద్ర పడుతుంది."

సోమవారం పదిన్నరకు టైపిస్టు ఫారాలు లెక్కపెట్టాడు. నూట నలభై ఒకటీ వచ్చాయి. కట్ట కట్టి మేనేజరు గదిలో బీరువా తెరిచాడు.

కట్ట పెట్టాల్సిన అరలో, ఈ ఫారాలు పంచడానికి మూడు వారాల ముందే అతను టైపు చేసి సీలు వేసిన జాబితా ఉంది: మొదటి పేజీలో పెద్ద ఊరికి అరవై రెండు పేర్లు, రెండో పేజీలో చిన్న ఊరికి నలభై ఒకటి, మూడో పేజీలో ఏ ఊరికీ అక్కర్లేనివాళ్లు ముప్పై ఎనిమిది మంది, అందులో స్టోర్స్ గుమాస్తా పేరు కిందే అతనిది.