నల్ల చీటీ

గుడారం ముందు పన్నెండు మంది ఉత్తుత్తి క్షతగాత్రులు పడి ఉన్నారు. ఎర్ర చీటీ కడితే వెంటనే వైద్యం, పచ్చ చీటీ అయితే కాసేపు ఆగొచ్చు, నల్ల చీటీ అయితే ఇక ఆశ లేదని వదిలేయడమే. పరీక్షలో అందరికీ చీటీలు కట్టడానికి మిలటరీ నర్సింగు విద్యార్థినికి ఇచ్చిన గడువు ఆరు నిమిషాలు.

చివర్న పడుకున్నాయన ఒంటికాలి మాజీ సైనికుడు. ఏటా ఈ శిక్షణకు వచ్చి, మొండికాలికి ఎర్రరంగు పూయించుకుని పడుకుంటాడు. ఆమె కంగారుగా ఆయన మణికట్టు పట్టుకుంది. నాడి అందలేదు. నల్ల చీటీ కట్టేసింది.

గడువు ముగిశాక, శిక్షణ ఇచ్చే పెద్ద డాక్టరు వచ్చి చీటీ చూశాడు.

"నిక్షేపంలాంటి మనిషిని చంపేశావు కదమ్మా!"

"నాడి దొరకలేదు సార్..."

"దొరికేదాకా చూడాలి! ముప్పై ఏళ్ల సర్వీసులో నేనొక్క చీటీ తప్పు కట్టలేదు. నువ్వు నర్సువైతే శవపేటికలు చాలవు. ఫెయిల్!"

ఆమె కళ్లు తుడుచుకుంది. మాజీ సైనికుడు లేచి కూర్చుని, తన చీటీ తానే విప్పుకున్నాడు.

"పోనీలెండి సార్, చిన్నపిల్ల. నాకిది కొత్తేం కాదు. యుద్ధంలో కాలు పోయిన రోజు కూడా నల్లదే కట్టారు."

"ఎవడయ్యా ఆ మహానుభావుడు?" అన్నాడు డాక్టరు.

"స్పృహ లేదు, మొహం చూళ్లేదు సార్. డాక్టరు మాట వినకుండా ఎవరో నర్సమ్మ దాన్ని విప్పేసి, నన్ను ఆపరేషన్ బల్ల మీదికి చేర్చిందట. ఆ చీటీ ఇంకా దాచుకున్నాను. కింద సంతకం మీదే."